అర్హత లేని ఖర్చు

గ్రీనక్‌లో వాన పడుతోందని చెప్పడం
నీళ్ళు తడిగా ఉన్నాయనడం లాంటిది.
మూడో అంతస్తులో నా బల్ల. కిటికీ అద్దంలో క్లైడ్ నది
సగం చెరిపేసిన పెన్సిల్ గీత.
ఈ విడతకు నూట పద్నాలుగు దరఖాస్తులు,
డబ్బు ఇరవై ఆరింటికి.

మిగతా ఎనభై ఎనిమిదికీ నేను పంపే ఉత్తరంలో
"ఈసారి పోటీ చాలా ఎక్కువగా ఉంది" అని ఉంటుంది.
పదకొండేళ్ళుగా అదే వాక్యం,
అంచులరిగిన సబ్బుబిళ్ళలా చేతిలోంచి జారిపోతుంటుంది.
మోర్నా గిల్లీస్‌కి అలాగే పంపాను, తాతగారి అకార్డియన్
బాగుచేయించుకుంటానని అడిగినప్పుడు.
ఇప్పుడు సూపర్‌మార్కెట్ కౌంటర్లో కూర్చుంటుంది.
"సంచీ కావాలా?" అని నన్నడుగుతుంది.
నేనెవరో ఆమెకు తెలియదు.
తెచ్చుకున్నానమ్మా అంటాను, తెచ్చుకోని రోజున కూడా.

అడగందే అమ్మయినా పెట్టదంటారు.
మా దగ్గర అడిగే తీరు కూడా నేర్చుకుని రావాలి.
ఆశయం ఒక గడిలో, ఫలితం ఇంకో గడిలో,
రెండు వందల యాభై మాటలు దాటాయా
కంప్యూటరే నోరు నొక్కేస్తుంది.
ఒక మధ్యాహ్నం ఊరికే లెక్కపెట్టాను:
అరవై మూడు దరఖాస్తుల్లో "ఆత్మవిశ్వాసం" ఉంది.
రూరీ మెక్‌ఫెయిల్ దాంట్లో లేదు.

పదిహేడేళ్ళవాడు. చక్కెర గిడ్డంగి వెనక
బోర్లా పడున్న తెడ్ల పడవను
తనూ ఇంకో ఎనిమిదిమందీ కలిసి బాగుచేస్తామని రాశాడు.
లార్చ్ పలకలు, రాగి మేకులు, జిగురు, చేతి తొడుగులు.
నాలుగు వందల పన్నెండు పౌండ్లు.
దీనివల్ల మీ జీవితంలో వచ్చే మార్పేమిటి అన్న గడిలో
ఒకే ఒక్క లైను:
"నాకు తెలీదు. పడవ మాత్రం తేలుతుంది."

కమిటీలో డూగల్ స్ట్రాన్ గారు కళ్ళజోడు తీశారు.
"ఇదొక ఫలితమా?"
ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో పనిచేసిన మనిషి.
తేలకపోతే కదండీ సమస్య, అన్నాను.
నవ్వారో దగ్గారో.
బేరమాడి మూడు వందల డెబ్బై ఇచ్చారు.
కోత పడింది చేతి తొడుగుల మీద.

తొమ్మిది నెలలకు ఒక కవరొచ్చింది.
రాగి మేకులు, సరే. పలకలు, సరే.
ఒక ఫోటో, సగం ఎవరిదో బొటనవేలే.
అడుగున, నూనె మరకలతో,
పోర్ట్ గ్లాస్గో చేపల దుకాణం రసీదు:
చిప్స్ తొమ్మిది, ఊరవేసిన ఉల్లిపాయ ఒకటి.

తిండి అర్హత లేని ఖర్చు. ఆ నిబంధన రాసింది నేనే,
నాలుగో పేజీలో, అడ్డంగా గీత కూడా గీసి.

రసీదు తిప్పితే బాల్‌పెన్ను రాత.
"రూల్స్‌లో లేదని తెలుసు. ఆ రోజు వాన.
లాక్లన్ ముందురోజు నుంచీ ఏం తినలేదు.
వాడొక్కడికే కొంటే తినడు.
అందుకని అందరం ఆకలిగా ఉందన్నాం."

చాలాసేపు ఊరికే కూర్చున్నాను.
కింద ఎవరో ఫోటోకాపీ మిషన్ని తిడుతున్నారు.
సామగ్రి, రవాణా, శిక్షణ, ఇతరాలు:
తెర మీద నాలుగే గడులు.
ఇతరాలు నొక్కాను.
కారణం వివరించండి అంది.
రెండు వందల యాభై మాటలు నా చేతిలో ఉన్నాయి,
ఏళ్ళ తరబడి ఈ పిల్లలనుంచి పిండుకున్న మాటలే.
ఒక్కటే రాశాను.
వాన.

పడవ తేలిందో లేదో రిపోర్టులో లేదు.
నేనూ అడగలేదు.
మార్చిలో ఆడిటర్ వస్తుంది, ఫైలు తెరుస్తుంది,
వెనిగర్ వాసన వస్తుంది.
రానీ.