తలకాయల సైజు

లీలామహల్ సర్కిల్ వెనక సందులో
పదకొండేళ్ళుగా ఫ్లెక్సీలు కొడతా ఉండాను.
అడుగు పన్నెండు రూపాయలు. రింగులు ఉచితం.
అడవికి ఎవుడు పెద్దో
పోలీసులకన్నా ముందు నా కంప్యూటర్‌కి తెలుస్తాది.

మొదట్లో గజ్జెల మునశేఖర్ ఒక్కడే.
ఆరడుగుల తలకాయ, తెల్ల చొక్కా, చెవి కాడ ఫోను,
పక్కన నేను నెట్‌లో దించిన పులి.
కింద రూపాయి బిళ్ళల మాదిరి గుండ్రాల్లో
మేస్త్రీలు, పైలట్లు, లోడు డ్రైవర్లు,
తలా ఒక నమస్కారం.
జన్మదిన శుభాకాంక్షలు అనే రాయమంటారు.
దుంగ అనే మాట ఏ ఫ్లెక్సీలోనూ ఉండదు.

భాకరాపేట ఘాటు నుంచి చెన్నై గోడౌను దాకా
దావ ఆయప్పదే అనేవాళ్ళు.
పళ్ళు తెల్లగా చేసినందుకు
నాకు వంద ఎక్కువే ఇచ్చినాడు.

గుండ్రాల్లో మూడోవాడు చెంగల్రాయులు.
ఒక వినాయక చవితికి వచ్చి కుర్చీ లాక్కోని కూసున్నాడు.
"నన్ను గుండ్రంలోంచి బయటికి తియ్యబ్బా."
తీసినాను. అన్న భుజం దాకా తెచ్చినాను.
మరుసటేడు చెవి దాకా.
ఆ పై ఏడు అన్నకి సమంగా నిలబెట్టినాక
"ఇంకొక్క అంగుళం" అన్నాడు,
మెల్లిగా, మందుల షాపులో అడిగినట్టు.
మౌసు మీద చెయ్యి నాదే.
లాగినాను.

చంద్రగిరి బైపాసులో కట్టిన రాత్రే
ఎవురో బ్లేడుతో గీసేసినారు,
కుడి కంటి నుంచి గడ్డం దాకా.
ఫ్లెక్సీకి రక్తం రాదు,
వెనకుండే సర్వి కట్టెలు కనబడతాయి, అంతే.
తొమ్మిది దినాలకు గాదంకి టోల్‌గేటు కాడ
మనిషిని కూడా అదే గీత మీద కోసినారని
టీ కొట్టులో చెప్పుకున్నారు.
నేను టీ పూర్తిగా తాగినాను.

అదే ఫోటో.
పులిని తీసేసి దీపం పెట్టినాను, చొక్కా మీద పూలదండ.
అశ్రునివాళి ఆర్డరు మునశేఖర్ మనుషులే ఇచ్చినారు.
తలకాయ ఎంత సైజంటే
"ఇప్పుడు ఎంత కావాలంటే అంత పెట్టు" అన్నారు.

ఆయప్ప పీడీ యాక్టు కింద కడప జైలుకి పోయినాక
మిగిలిన గుండ్రాలన్నీ ఒకే వారంలో
ఉబ్బడం మొదలుపెట్టినాయి.
రేణిగుంట దిక్కు ఒగడు, మామండూరు దిక్కు ఒగడు,
నిన్నటి దాకా లోడు ముందర పోయిన పైలట్ ఒగడు.
ఒకే గోడకి ముగ్గురు అడ్వాన్సు ఇచ్చిపోయినారు.
ఎర్ర ఇంకు నిలవడంలేదు.

ఆ రద్దీలో వచ్చిందామె.
జవ్వాది కొండల మనిషి, సంకలో పిల్ల.
ఆమెకి తెలుగు రాదు, నాకు అరవం కొంచెం.
రేషన్ కార్డు మీద బొటనవేలంత మొగుడు. వెళ్ళియన్.
పైపుల పని అని మేస్త్రీ బస్సెక్కించినాడంట.
నాలుగు నెలలు.
పెద్దది చెయ్యమనింది,
దావలో పొయ్యేవాళ్ళు గుర్తుపట్టేంత.

లాగినాను.
అంగుళానికి ముక్కు చెదిరింది.
రెండుకి కండ్లు చదరాలైనాయి.
మూడుకి అది మొగమో, మాను నరికిన చోటో
నాకే తెలీలేదు.
ఇంకా, ఇంకా అంటాంది ఆమె.
పిల్ల మాత్రం స్క్రీనుకి చెయ్యి చాపి
"అప్పా" అనింది.

పది కాపీలు తీసిచ్చినాను.
డబ్బులొద్దంటే వినలేదు,
కొంగు ముడి విప్పి యాభై పెట్టింది.
గడపలో ఆమెకి అడ్డం తప్పుకోని
పైలట్ లోపలికొచ్చినాడు, తన ఫ్లెక్సీ కోసం.
స్క్రీను చూసినాడు.
ఫైలుకి పేరు కొట్టేది చూసినాడు.
చొక్కా పై గుండీ ఒకటి పెట్టుకున్నాడు.
"మూసెయ్యన్నా దాన్ని. నాది తియ్యి."

మూయలేదు.
కిందికి దించినాను,
అడుగున, గుండ్రాలకంటే చిన్న చదరంగా.
ఆ దినమంతా ఆడే ఉండాది.