బూర్జువా

మన నినాదాల్లో అది తిట్టు.
సేషెల్స్ జాలర్లకి చేప పేరు.
మూరన్నర పొడవు, ఒళ్ళంతా కెంపు,
పళ్ళెంలోకొస్తే పండగ.

పుట్టుక మాత్రం బీదదే.
గసగసంత గుడ్డు,
నీరెటు తోస్తే అటు.
బొటనవేలంత అయ్యాక
ఒక సముద్రపు ముళ్ళబంతిని వెతుక్కుని
ఆ సూదుల మధ్యే కాపురం.
తెల్లటి ఒంటిమీద మూడు నల్లపట్టీలు,
ముళ్ళ నీడలో ఇంకో మూడు నీడలు.

పెరిగేకొద్దీ పట్టీలు చెరిగిపోతాయి.
నలభై బారల లోతుకి దిగుతుంది.
ఎండలో ఎరుపు అంత దూరం రాదు,
అక్కడ కెంపు కూడా బూడిదే.
గాలానికి చిక్కి పైకొచ్చాకే
తన రంగు బయటపడుతుంది,
అప్పటికి పొట్ట నోట్లోకి తన్నుకొచ్చి ఉంటుంది.

విక్టోరియా రేవు గదిలో ఒడెట్
నిన్నటి చేప చెవిరాయిని
ఉల్లిపొరలా కోసి, అద్దం కింద పెట్టి
గీతలు లెక్కపెట్టింది.
ఏడాదికొక గీత.
నమ్మక, మళ్ళీ మొదట్నుంచి.

గుమ్మంలో జోలికూర్:
"ఎంత?"
"ముప్పై ఒకటి."
"కిలో ముప్పై ఒక్క రూపాయా! ఎవరిస్తారు ఆ ధరకి?"
"ధర కాదు. వయసు."

అతని పడవకి పంతొమ్మిది.
ఒడెట్‌కి ఇరవై ఆరు.

ఏమీ అనలేదు. వెళ్ళి
ఇవాళ్టి చేపని తెచ్చాడు.
రోజూ మొప్పలో వేలు దూర్చి
బల్లమీదికి విసిరేవాడు,

రెండు చేతులమీదా మోసుకొచ్చి దించాడు.
తర్వాత, తూకం సరిగ్గా వెయ్యమన్నాడు.