చేబదులు

పదకొండు రోజులు ఫెర్రీ రాలేదు.
నాలుగో నాటికే ఒయార్సో కొట్టు అరల్లో
బూటు పాలిష్, పుట్టినరోజు కొవ్వొత్తులు,
ఒక గొడుగు. చిలోయే దీవి గాలిలో గొడుగు!
ఎవరు తెప్పించారో, ఎవరూ ఒప్పుకోరు.

నేను ఇక్కడి బడిలో టీచర్ని, ఫెర్రీ దాటి వచ్చినదాన్ని.
జీతం ఉంది, పర్సులో నోట్లున్నాయి, ఆకలీ ఉంది.
మూడూ ఒకే మనిషి దగ్గర ఉండగలవని
ముప్పై నాలుగేళ్ళకు తెలిసింది.

వానను వీపున మోసుకుని కొండ ఎక్కాను.
రుదెలిందా గ్వెంతేవో ఇంటికి
తుఫాను కబురు ఇంకా అందినట్టు లేదు.
కట్టెల పొయ్యి, దాని పైన ఆరుతున్న మేజోళ్ళు,
దూలానికి వెల్లుల్లి జడలు, పొగచూరిన గొర్రె తొడ,
మూల పీపాలో పులుస్తూ
తనలో తను గొణుక్కునే ఆపిల్ రసం.
నోటు తీసి బల్ల మీద పెట్టాను.
ఆమె అటూ ఇటూ తిప్పి చూసి,
"దీనికి కన్ను లేదు. మొలవదు" అంది.

అన్నీ ఇంట్లోనే పండుతాయా అని అడిగాను, పట్నపు తెలివితో.
వేళ్ళు ముడుస్తూ లెక్క చెప్పింది:
ఉప్పు, అగ్గిపెట్టె, మాతే ఆకు, రబ్బరు బూట్లు,
ఐదో వేలు కాసేపు నిలబడి, వంగింది.
నడుం నొప్పి మాత్రలు.

తినడానికి ఒక బుట్ట బంగాళాదుంపలిచ్చింది.
విడిగా, పాత పేపర్లో చుట్టి,
ఏడు రకాలు, రకానికి గుప్పెడు.
"వీటిని తినకు. ఎంత ఆకలేసినా."
ఒకటి నల్లగా, ముసలి వేలులా వంకర.
ఒకటి కోస్తే లోపలంతా ఊదా, సిరాబుడ్డి పగిలినట్టు.
వ్యవసాయ శాఖ కాగితాల్లో వీటికి వేరే పేర్లున్నాయట.
ఆమెకు మాత్రం మనుషుల పేర్లే:
ఇది మా అత్త సొయిలా; పెళ్ళినాడు ఒళ్ళో పోసింది.
ఇది పడవ గుమెర్సిందో; గొర్రెపిల్లకు బదులు.
ఇది ఎదువీనా.
ఎదువీనా ఎవరని అడిగాను.
"చెల్లెలు. మాటల్లేవు" అని పొయ్యిలోకి కట్టె ఎగదోసింది.

ఫెర్రీని ఆపిన తుఫానే
ఒడ్డున నాచు గుట్టలు పోసి పోయింది.
ఆటు వేళల్లో గంపలకెత్తి పెరట్లో పరిచాను.
బడిపిల్లలు ముక్కులు మూసుకున్నారు.
అక్షరాలు దిద్దించిన చేతులకు
బొబ్బలు, బొబ్బల మీద బొబ్బలు.
సాళ్ళు వంకరపోయాయి.
లెక్కల్లో సున్నాలు తెచ్చుకునే నెల్సోను
పార లాక్కుని, ఒక్క మాటా లేకుండా సరిచేశాడు.

జనవరిలో ఆకులకు మచ్చలు.
మూడు రోజుల్లో రెండు సాళ్ళు మాడి, కుళ్ళి, కంపు.
కొట్లో కొన్నదైతే కొట్టువాణ్ణి తిట్టొచ్చు.
ఇక్కడ ఎవరిని?

మార్చిలో తవ్వితే ఏడింటిలో నాలుగే దక్కాయి.
కడక్కుండా, మట్టి దులిపి, రెండింతలు పట్టుకెళ్ళాను.
రుదెలిందా ఒక్కో కన్నునూ గోటితో తడిమి చూసింది.
"ఇంకా మూడు బాకీ" అంది. మాతే పోసింది.
మాఫీ చేస్తుందేమో అనుకున్నాను. చెయ్యలేదు.
ఎందుకో, దిగి వస్తుంటే ఒళ్ళు తేలిగ్గా ఉంది.

ఏప్రిల్లో ఒక సాయంత్రం తలుపు చప్పుడు.
తల మీద తడిసిన శాలువా,
అదే ముక్కు, అదే మొండి గడ్డం.
"నాదంతా తెగులుకు పోయింది.
నీ దగ్గర ఒకటుందట" అంది,
"నా పేరుతో."

గంపలో వెతికి ఐదు ఏరి ఇచ్చాను.
నీకెవరిచ్చారని అడగలేదు.
గడప దాటి, వెనక్కి తిరక్కుండానే,
"దీన్ని లోతుగా పాతాలి" అంది.
"ఆవిడెప్పుడూ పైపైనే పాతుతుంది.
వెళ్ళినప్పుడు చెప్పు."