మూడు పోట్లు

కెనెమా ఆస్పత్రి నుంచి
నాలో సగాన్నే ఇంటికి తెచ్చారు.
రెండు చెవుల వినికిడీ
లాసా జ్వరం తన దగ్గరే ఉంచేసుకుంది.

మంచం నుంచి గుమ్మానికి పదకొండు అడుగులు.
ఏడో అడుగు దగ్గర మా ఆయన మోమో
ఆ పూట బేరాలు మానుకుని
బండి సీటు ఊడదీసి పెట్టాడు,
కూర్చుందువు గానీ అని.
నవ్వొచ్చింది. నవ్వడానికీ ఊపిరి చాల్లేదు.

గిన్నె మూత బరువు.
తడిగుడ్డ పిండబోతే గుడ్డే నన్ను పిండేది.
మా చిన్నది హవా జడలల్లుతూ
రాలిన జుట్టు గుప్పిట్లో దాచుకుని
ఏమీ ఎరగనట్టు పెరట్లోకి పోయేది.

పక్కింటామె తిట్టిందో పిలిచిందో
పెదాలు చూసి పోల్చుకోవాలి.
అటూ ఇటూ కాకుండా తలూపుతాను.

ఇవాళ వాన వెలిసింది.
కర్రపెండలం ఆకు తుంచి రోట్లో వేశాను.
రోట్లో తల పెట్టి వచ్చినదాన్ని,
పోటుకు భయం లేదు,
రోకలి బరువుకే.
ఎత్తితే మోచేతులు
అప్పుడే పుట్టిన మేకపిల్ల కాళ్లయ్యాయి.

ఒకటి.
రెండోది రోటి అంచుకు తగిలింది.
మూడోది పడింది.
చప్పుడు చెవికి రాలేదు
అరికాళ్లలోంచి మోకాళ్లకి,
అక్కణ్ణించి పళ్లలోకి ఎక్కింది.

అత్త బైందు రోకలి లాక్కుంది.
ఆమె దంచుతోంది.
నేను చెప్పులు విడిచి
రోటి పక్కన నిలబడి వింటున్నాను.

ఉప్పు మాత్రం నేనే వేస్తానన్నాను.
గట్టిగానే అని ఉంటాను,
కోళ్లు బెదిరి చెదిరిపోయాయి.