పౌడరు డబ్బా

కావలి బైపాసు పక్కన రేకుల షెడ్డు.
బండి మీద చీమకుర్తి రాయి, ముప్పై టన్నులు.
కృష్ణపట్నంలో ఓడ నాకోసం ఆగదు.

ఇంజను పక్క కనెక్టరు కింద తడి.
తుడిస్తే పోతుంది, టీ తాగొచ్చేసరికి మళ్ళీ.
నేను కూలెంటన్నా, క్లీనరు డీజిలన్నాడు,
టైర్ల కొట్టాయన "అమ్మి పారెయ్ అబ్బయా" అని నవ్వాడు.

జిలానీ ఏమీ అనలా.
వేలికి రాసుకుని వాసన చూశాడు.
సిగరెట్ పెట్టె అట్ట మీద ఒక చుక్క, ఎండకు పట్టి,
"ఇంజనాయిలే.
ఇటు దానికి దారి యాడుంది?"

కడిగి, గాలి కొట్టి, ఆరబెట్టి
ఇంట్లోకి కేకేశాడు.
కూతురు పౌడరు డబ్బా తెచ్చింది
మొత్తం చల్లొద్దంటూనే.
నల్లటి ఇంజను తెల్లబడింది,
డీజిలు పొగలో ఎక్కడిదో మల్లెల వాసన.

క్లీనరు స్టార్టు చేశాడు.
ముగ్గురం గొంతుక్కూర్చున్నాం
ఆ తెలుపులో మచ్చ ఎక్కడ పుడుతుందా అని.
పావుగంట.
పైపులు పొడి. గాస్కెట్టు పొడి.
పిల్లే ముందు చూసింది:
పిన్నుల సందులోంచి, లోపల్నించే ఊరుతోంది.

వైరు తొడుగు బ్లేడుతో చీల్చాడు.
రాగి పోచల నిండా నూనె,
దీపం వత్తి పీల్చినట్టు పీల్చుకుంటూ
బారెడు దూరాన ప్రెషరు సెన్సరు నుంచి
చీకట్లో నడిచొచ్చింది.

"పగిలింది యాడో, కారేది యాడో"
గొణుక్కుంటూ సెన్సరు మార్చాడు, వైరు ముక్క కోసి కొత్తది అతికాడు.
డబ్బా ఊపి చూసుకుని
పిల్ల మా ఇద్దర్నీ గుర్రుగా చూసింది.

ఉలవపాళ్ళలో ఎక్కించుకున్న మామిడికాయల బుట్ట
ఆమెకిచ్చి బండెక్కా.
అద్దంలో
నా మీసాలు కూడా తెల్లగా.