వెనకొచ్చిన కొమ్ములు

హడర్స్‌ఫీల్డ్ మార్కెట్లో మా కొట్టు
చేపల బల్లకీ తాళాలు చేసేవాడికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది.
జనవరి, శనివారం.
బయట వాన ఆగలేదనడానికి
వచ్చేవాళ్ళ భుజాలే సాక్ష్యం.

ఆ పిల్ల పేరు బెథనీ. పదకొండేళ్ళుంటాయేమో.
బూడిదరంగు పెట్టెను తువ్వాల్లో చుట్టి తెచ్చింది
జ్వరమొచ్చిన పిల్లిని తెచ్చినట్టు.
వెనకే వాళ్ళ నాన్న,
జేబులోంచి తీయకుండానే నోట్లు లెక్కపెట్టుకుంటూ.
"ఇది తీసుకుని, ఆ నల్లది ఇస్తారా?"

ఆ నల్లది! పోయిన నవంబరులోనే దిగింది.
నిలబెట్టినా పడుకోబెట్టినా పనిచేస్తుంది.
పాతదాన్లో మనుషుల చేతులు గరిటెల్లా ఉండేవి,
దీన్లో గోళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు.
గడ్డి ఊగుతుంది. నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి.
సినిమా బిళ్ళ పెడితే సినిమా ఆడుతుంది,
పాత ఆటలు పెట్టినా మొహం చిట్లించదు.
ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి.
మా అమ్మమ్మ ఈ మాట
మా చెల్లెల్ని చూసి అనేది, నా ఎదుటే.

కొనేముందు చూడాలి కదా.
తీగలు తగిలించి మీట నొక్కాను.
బిళ్ళ తిరిగింది, గురక పెట్టింది.
తెర నల్లగానే ఉంది.
"అలా కాదు," అంది బెథనీ.
పెట్టెను బోర్లా తిప్పింది.
వేలి కణుపులతో రెండుసార్లు తట్టింది.
మూడు లెక్కపెట్టమంది నన్ను.
రెండున్నర దగ్గరే వెలుగొచ్చేసింది.

ఆ రోగం నాకు తెలియనిది కాదు.
లోపల కంటిని మోసే ప్లాస్టిక్ పట్టా
అరిగి అరిగి ఒక పక్కకి వాలిపోతుంది.
తలకిందులు చేస్తే బరువు అటునుంచి ఇటు మారి
చూపు కుదురుకుంటుంది.
పెట్టెతో వచ్చిన పుస్తకంలో ఈ సంగతి ఉండదు.
ఏ ఇంటికా ఇల్లు కనిపెట్టుకున్న వైద్యం.

నాకు బ్రయాన్ చెప్పాడు,
నాకంటే ముందు ఈ బల్ల దగ్గర కూర్చున్నాయన.
మరలన్నీ టీ డబ్బాల్లో, డబ్బాల మీద ఆయన రాత:
పొట్టివి, పొడుగువి, దేవుడికే తెలిసినవి.
నేనొచ్చాక లెక్కలు కంప్యూటర్‌కి ఎక్కించాను.
ఆయనకు పట్టే టైములో సగంలోనే టంకం వేస్తాను,
చెయ్యి వణకదు.
డబ్బాల జోలికి మాత్రం పోలేదు.

పన్నెండు పౌన్లు, అన్నాను.
తిప్పడానికీ తట్టడానికీ
మా ధరల పట్టీలో గడి లేదు.
నాన్న సరేనన్నాడు. పిల్ల ఏమీ అనలేదు.
పెట్టెతో పాటు మెమరీ కార్డు కూడా లాగబోతే
గుప్పెట బిగించింది.
"ఇది కాదు."
అగ్గిపెట్టెంత కూడా ఉండదు. పదిహేను గడులు.
మూల మీద గోళ్ళరంగుతో ఎర్రచుక్క.
"కొత్తది దీన్ని గుర్తుపడుతుందా?"

మాటెందుకని నల్లపెట్టె విప్పాను.
అదే గాటు, అదే కొలత. టక్కున కూర్చుంది.
తెర మీద ఒక్కొక్కటే తేలాయి
తను ఆపిన చోటే ఆగి ఉన్న ఆటలు.
ఒకటి పందెం ఆఖరి మలుపులో,
ఒకటి గుహ గుమ్మంలో,
ఒకటి, దారి తప్పి ఏ ఊళ్ళోనో.
అన్నిటినీ పైకే లెక్కపెట్టింది. పదకొండు.
అప్పుడు తువ్వాలు మడత పెట్టింది.

కొత్తదే మెరుగు.
అమ్ముకునేదాన్ని గనక అనడం లేదు,
విప్పి చూసినదాన్ని గనక అంటున్నాను.
లోపల తీగలు తలదువ్వి జడ వేసినట్టున్నాయి.

ఏప్రిల్లో వాళ్ళ నాన్న కెటిల్ ప్లగ్గు కోసం వచ్చాడు.
ఎలా ఉందన్నాను.
"ఒక్కనాడు మొరాయిస్తే ఒట్టు.
మా పిల్లే, మీట నొక్కేముందు
ఇంకా రెండుసార్లు తడుతుంది."

బూడిదరంగు దానికి కొత్త కన్ను వేశాను.
ఇప్పుడు వెల్లకిలానే, అందరిలాగే పనిచేస్తుంది.
అయినా అరలో బోర్లాగానే ఉంచాను.
ధర చీటీ అడుగున పడిపోయింది.
ఎంతని ఇంకా ఎవరూ అడగలేదు.