రెండు మిల్లీలీటర్లు

చిటికెన వేలంత సీసా.
పేరు పరదేశానిది, నాకు నోరు తిరగలేదు.
అట్టపెట్టెలో చీటీ: పచ్చి ఆకు, తడి మన్ను, వెతివే.
ఆ చివరి మాట ఫ్రెంచి కాబోలని
అద్దం ముందు మూడు రోజులు పలికి చూసుకున్నాను.
ధర గురించి ఇంట్లో అబద్ధం చెప్పాను,
ఊరికే వచ్చిందన్నాను.

నా పని రామాయపట్నం దారిలో, రొయ్య పిల్లల హేచరీలో.
వెంట్రుక కన్నా సన్నటి ప్రాణాలను నలిపి
తెల్లమచ్చ ఉందా లేదా చెప్పాలి.
బ్లీచింగు, అయోడిన్, మేత పిండి
జడలో దాక్కుని
టిక్కెట్టు లేకుండా నాతో కావలి దాకా వస్తాయి.
ఒక్క పూటైనా
నా మెడ దగ్గర సముద్రం ఉండకూడదనిపించింది.
అందుకే కొన్నాను.

మణికట్టు మీద ఒక్క బొట్టు.
మొదటి నిమిషం నచ్చలేదు.
ఎవరో పచ్చిమిరప తొడిమను గోటితో చీల్చి
ముక్కు కింద పెట్టినట్టుంది.
బీరతీగ తుంచిన చోట ఊరే నీరు.
చేదు కాదు,
చేదుకు ముందు వచ్చే కోపం.
ఆకుపచ్చ ఇంత మొరటుదని
నాకెవరూ చెప్పలేదు.

పదింటికి మెత్తబడింది.
మైక్రోస్కోపు మీదకు వంగినప్పుడల్లా
చెయ్యి కింద నుంచి ఒక మడి లేచేది.
నారు పీకి, కట్ట కట్టే ముందు
వేళ్ళను కాలవలో జాడిస్తే
నీళ్ళు ఎర్రగా కలిగి
మెల్లగా మళ్ళీ తేరుకుంటాయే,
ఆ తేరుకునేటప్పటి వాసన.
పక్క బల్ల దగ్గర షంషాద్ తలెత్తి
"ఎవురో కుండీకి నీళ్ళు పోశారు" అంది.
మా ల్యాబులో కుండీ లేదు.

మధ్యాహ్నం, షంషాద్ క్యారియర్‌లోని
చేపల పులుసు ముందు ఓడిపోయింది.
తప్పు పట్టను.

అయిదున్నర బస్సు. తెట్టు దగ్గర ఎక్కిందామె,
గోనెసంచి, గునపం, చీర కుచ్చిళ్ళలో ఇసక.
నా పక్కన కూలబడి, ఒక నిమిషం ఊరుకుని,
అడక్కుండానే నా చెయ్యి లాక్కుని
వాసన చూసింది.
"ఏందిమ్మే, నువ్వు గూడా వట్టేరు తవ్వేదానివా?"

వట్టివేరు.
మూడు రోజులు అద్దం ముందు
పెదాలు సున్నాలా చుట్టి నేను పలికింది
ఇదే.

పేరు పెంచలమ్మంట.
సరుగుడు తోపుల ఎనక ఇసక నేలంట.
మోకాటి లోతు తవ్వాల, తెగకుండా లాగాల,
తెగితే రేటు రాదు,
తడిగా తెస్తే తూకంలో కోస్తారు.
"ఈ వాసన పొయ్యేది కాదు మ్మే.
నిమ్మచెక్క పెట్టి రుద్దినా, కిరసనాయిలు పెట్టినా.
కూడు కలిపితే కూట్లోనూ ఇదే.
నా మనవడికి ముద్ద పెడితే మొకం తిప్పుకుంటాడు.
నీకెట్టా అంటింది?"

ధర నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.
ఇంట్లో చెప్పిన అబద్ధమే మళ్ళీ చెప్పాను.
"ఊరికే వచ్చింది అవ్వా."
ఆమె నా వాచీ వైపు, చెప్పుల వైపు చూసి
"ఊరికే వచ్చేది ఇట్టా ఉండదులే" అని నవ్వింది.
కాసేపాగి, కిటికీలోకి చూస్తూ,
"రొయ్యల కంపెనీనా?" అంది.

రాత్రి రెండుసార్లు సబ్బు పెట్టాను.
పచ్చి అంతా పోయింది, నీళ్ళూ పోయాయి.
అడుగున ఎండువేరు ఒక్కటి మిగిలింది,
కాస్త పొగగా, కాస్త తీయగా,
తలుపు మూసిన గదిలో ఎవరో ఉన్నట్టు.
అది సీసాదో,
ఆమె పట్టుకున్నప్పుడు అంటిందో
తేల్చే పరీక్ష మా దగ్గర లేదు.

వాచీ పట్టీ కింద
రెండు ఇసక రవ్వలు కనబడ్డాయి.
దులపలేదు.